మీ నాలుగా, మా నాలుగా

మొదటి క్లాసు

చెవిపూసలు మూగబోయి నెల కావస్తోంది. గుట్ట మీద నుంచి ఒకరి మాటను ఇంకొకరి చెవిలో మార్చి వినిపించే యంత్రం దుమ్ముతుఫానులో చెడిపోయింది. కొత్తది భూమి నుంచి ఈ అంగారకుడికి రావాలంటే రెండేళ్లు పడుతుంది.

అంతదాకా ఆగే వీలు మాకు లేదు. మా ఊరు ఎర్రబాయిలో నీళ్లు తగ్గిపోతున్నాయి. స్నానం వారానికి ఒక్కసారికి వచ్చింది. గుట్టకు అవతల మ్వాంగా కాలనీ ఉంది. వాళ్ల కాళ్ల కింద మంచు మేటలున్నాయి, మా దగ్గర తోటలున్నాయి. ఇటు నుంచి మేము, అటు నుంచి వాళ్లు తవ్వుకొస్తున్న సొరంగం కలిస్తే రెండు ఊళ్లూ బతుకుతాయి. కానీ వాళ్లది స్వాహిలీ, మాది తెలుగు. చెవిపూసలు వచ్చాక పరాయి భాష నేర్చుకోవడం మా అమ్మమ్మల కాలంలోనే మానేశారు. ఇంగ్లీషూ అలాగే పోయింది. ఎటువైపు ఎంత తవ్వారో, ఎప్పుడు మందు పేలుస్తారో అడగలేక పని దాదాపు ఆగిపోయింది.

అందుకే ఈ క్లాసు. టీచరు జవాదీ. మా నీటి పంపు బాగుచేయడానికి మ్వాంగా నుంచి వచ్చి, తుఫానుకు దారి మూసుకుపోవడంతో ఇక్కడే ఉండిపోయిన మెకానిక్కు. ఆమె చెప్పింది అందరికీ అర్థమయ్యేలా చేసే పని నాది. నేను వైర్‌లెస్ గదిలో పనిచేస్తాను. పూసలు బాగున్న రోజుల్లో కూడా అప్పుడప్పుడు చెవిలోంచి తీసేసి అవతలివాళ్ల అసలు గొంతు వినేదాన్ని. అలా కొన్ని మాటలు వంటబట్టాయి.

"ఏం నేర్పిన్రో రోజు రాసిపెట్టు చెల్లె," అన్నాడు ఓదెలన్న. ఆయన సొరంగం పనికి సర్దారు. "రేపు ఎవడన్న నాకు చెప్పలేదంటె మొకాన సూపెడ్దం."

కాబట్టి రాస్తున్నాను. నా పేరు సుగుణ.

టిఫిను అయ్యాక క్యాంటీన్లోనే క్లాసు. పిల్లలు ముందు బల్లల మీద, పెద్దవాళ్లు వెనక. పిల్లలు గొంతెత్తి పలుకుతుంటే పెద్దవాళ్లు పెదాలు మాత్రం కదిపారు.

రెండో క్లాసు

చుట్టరికాల మాటలు. పిల్లలకు నవ్వి నవ్వి పొట్టలు నొచ్చాయి. జవాదీ భాషలో మామ అంటే అమ్మ. కాక అంటే అన్న. దాదా అంటే అక్క. బాబు అంటే తాత.

"మామా, ముందుకొచ్చి కూసోండ్రి," అని నేను మా మామ మొండయ్యను పిలిచాను. జవాదీ ఆయన తెల్లమీసాల వంక చూసింది, నా వంక చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత తానే మర్యాదగా కుర్చీ జరిపి "బాబూ" అని పిలిచింది.

"బాబు? నేనేమన్న పాలుదాగే పొల్లగాన్నా?" అన్నాడు మామ.

"నిన్ను తాత అంటాంది తాతా," అని నా కూతురు చందన విడమరిచి చెప్పింది.

మామ సొరంగంలో మందు పేల్చే పని చేస్తాడు. మావాళ్లు తరతరాలుగా గోదావరి పక్కన బొగ్గుగనుల్లో పనిచేసినవాళ్లు. గనిని వాళ్లు బాయి అనేవారు. అంగారకుడి మీదికి వచ్చినా ఆ మాట పోలేదు, మా ఊరి పేరే ఎర్రబాయి అయింది. నా భర్త రాజలింగానికి గాలి ప్లాంటులో రాత్రి డ్యూటీ. క్లాసు వేళకు నిద్రపోతుంటాడు. ఇంట్లో చదువుకు దొరికింది మామ ఒక్కడే. ఆయన్ని పట్టుకురావడానికి చందనా నేనూ చెరో చెయ్యీ లాగాల్సి వచ్చింది.

ఐదో క్లాసు

ఇవాళ నా వల్ల ఒక మనిషి లేచి వెళ్లిపోయాడు.

పెద్దవాళ్లు కనబడితే చిన్నవాళ్లు "షికమో" అనాలి, పెద్దవాళ్లు "మరహబా" అనాలి. షికమో అంటే ఏమిటని పిల్లలు అడిగారు. జవాదీ పాదాలు చూపించింది, వంగి చేత్తో తాకినట్టు చేసింది. "మీ కాళ్లు మొక్కుతున్నా అని," అన్నాను నేను.

మామ లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"గా మాట మన ముత్తాతలు దొర గడీ ముంగట అన్న మాట బిడ్డా. భయానికి అన్నరు, తిండికి అన్నరు. గది అనకుంట బతుకుదామనే బొగ్గుబాయిలకు వచ్చిన్రు. గింత దూరం వచ్చినంక నా మనుమరాలికి గదే నేర్పుతవా?"

కుర్చీని ఎత్తి చప్పుడు కాకుండా గోడకు ఆనించి వెళ్లిపోయాడు. ఇద్దరు ముసలివాళ్లు ఆయన వెంట నడిచారు.

జవాదీకి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఏదో తగిలిందని తెలిసింది. "పోలె," అంది నాతో. "పోలె, పోలె."

"పోలేదేంది? తాత పోయిండు గదా!" అంది చందన. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పోలె అంటే తప్పు నాది అని కాదు. నీకు కష్టం కలిగింది, నాకూ బాధగా ఉంది అని. తెలుగులో దానికి ఒక్క మాట కోసం చాలాసేపు వెతికాను.

ఎనిమిదో క్లాసు

నిన్న సాయంత్రం జవాదీ తానుగా మా ఇంటికి వస్తానంది. వస్తూ దారిలో ఓదెలన్నను కూడా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. మామ మంచం మీద కూర్చుని గాలిజల్లెడ దుమ్ము దులుపుతున్నాడు, తల ఎత్తలేదు.

జవాదీ ఓదెలన్న ఛాతీ మీది సర్దారు బిళ్లను చూపించి చెయ్యి పైకెత్తింది, అంటే పెద్ద ఉద్యోగం. మామను చూపించి చెయ్యి దించింది, అంటే ఆయన కింద పనిచేసేవాడు. తర్వాత ఓదెలన్న నల్లటి జుట్టును, మామ తెల్లటి జుట్టును చూపించింది. ఓదెలన్న వీపు మీద తట్టి, "షికమో," అంది. నువ్వు అను అన్నట్టు.

ఓదెలన్న తడబడ్డాడు. "కాకకు నేననాల్నా?"

"అనాలె అన్నా," అన్నాను. నాకూ అప్పుడే తెలుస్తోంది. "ఆల్ల దాంట్ల నౌకరి సూడరట. వయసే సూస్తరట. కాలనీ మొత్తానికి పెద్దయినా సరే, ఊడ్చేటాయన తనకంటె పెద్దోడైతె తనే ముందు అనాలట."

మామ జల్లెడ పక్కన పెట్టాడు. "అంటే సర్దారు నాకంటడు. నేను సర్దారుకనను."

"అనవు."

ఓదెలన్న గుండె మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు. జవాదీ మామ చెవిలో జవాబు అందించింది. "మరహబా," అన్నాడు మామ మొహం గంటు పెట్టుకునే. తర్వాత మామ గొంతు సవరించుకున్నాడు.

"మల్లొక్కసారి అనురా ఓదెలూ."

ఇవాళ క్లాసుకు వచ్చాడు. వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వెళ్లిపోయిన మిగతా ఇద్దరూ ఆయన పక్కనే ఉన్నారు. ప్రాణం కుదుటపడింది.

పద్నాలుగో క్లాసు

ఇప్పుడు రెండు క్లాసులు నడుస్తున్నాయి. పొద్దున ఇక్కడ స్వాహిలీ, రాత్రి భోజనాలయ్యాక వైర్‌లెస్‌లో అవతలివాళ్లకు తెలుగు. అవతల నేర్చుకునేవాళ్లు నలుగురైదుగురున్నా మాట్లాడేది ఎక్కువగా బరాకా. అటువైపు సొరంగంలో మందు పేల్చేది ఆయనే, అంటే మా మామకు జోడీ. గొంతు బొంగురు, మాట నిదానం. ఏ మాటైనా మూడుసార్లు పలికి చూసుకుంటాడు.

కూరగాయల పేర్లు చెబుదామని నేను మొదలుపెడితే ఆయనకు అక్కర్లేదట. జాగ్రత్త, తప్పు, నొప్పి, ఆగు. ఇవి అడిగాడు. ఎందుకని అడిగితే, మందు పేల్చేవాడికి ముందు కావలసినవి ఇవే అన్నట్టు ఏదో చెప్పాడు.

మామ రోజూ వచ్చి నా వెనక స్టూలు మీద కూర్చుంటున్నాడు. మైకు ఇస్తే తీసుకోడు.

"మంచోడే ఉన్నట్టుండు," అన్నాడు ఇవాళ. "తొందరపడడు. మందు పనికి గసొంటోడే ఉండాలె."

ఇరవై మూడో క్లాసు

గోడ పల్చబడింది. మామవాళ్లు బండకు చెవి ఆనిస్తే అవతల డ్రిల్లు గొణుగుడు వినిపిస్తోందట. ఆఖరి మందు అటువైపు నుంచి పేలుస్తారని ముందే అనుకున్నాం. ఎప్పుడన్నదే తేలాలి.

ఇవాళ ఆ సంగతి ఓదెలన్న తానే మాట్లాడాడు. అంకెలన్నీ వచ్చేశాయి, నా సాయం వద్దన్నాడు. క్యాంటీన్లో అందరి ముందూ నిలబడి చెప్పాడు.

"కేషో, సా న్నే! రేపు, నాలుగు గంటలకు! నేనే విన్న, నేనే తిరిగి జెప్పిన. తెల్లారగట్ల నాలుగింటికి ఎవడు పేలుస్తడు, మాపటీలే. పొద్దుగాల పోయి డ్రిల్లు మిషిను ఇప్పుకుంటం, రెండు గంటల కల్లా అందరం బయట."

అందరూ చప్పట్లు కొట్టారు. చెవిపూసల సాయం లేకుండా రెండు ఊళ్లు మాట్లాడుకుని కుదుర్చుకున్న మొదటి పెద్ద పని ఇది. నేనైతే మురిసిపోయాను. వంటావిడ ఓదెలన్న పళ్లెంలో గోంగూర పచ్చడి రెండోసారి వేసింది.

ఇరవై నాలుగో క్లాసు

అందరూ క్షేమంగా ఉన్నారు. ముందు అది రాస్తున్నాను.

రెండు ఊళ్లూ కలిసే రోజు కదా అని జవాదీ ఇవాళ గడియారం పాఠం పెట్టుకుంది. క్లాసులో పిల్లలూ తోటపనివాళ్లూ మాత్రమే ఉన్నారు. సొరంగంవాళ్లు పొద్దున్నే లోపలికి వెళ్లిపోయారు. మామ కూడా.

"సా న్గాపి?" అని చందన అడిగింది. టైమెంత అని. గోడ గడియారంలో ఎనిమిదిన్నర దాటింది. జవాదీ అటు చూసి, రెండున్నర దాటిందని చెప్పింది.

పిల్లలు గొల్లుమన్నారు. "టీచరుకు గడియారం సూడరాదు!" నేనూ నవ్వాను. జవాదీ మళ్లీ చూసి మళ్లీ రెండున్నరే అంది. మేం ఎందుకు నవ్వుతున్నామో ఆమెకు తెలియలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద గుట్ట గీసింది, గుట్ట వెనక నుంచి పొడుస్తున్న సూర్యుణ్ణి గీసింది. పొద్దు పొడిచిన దగ్గర సున్నా. కొంచెం పైన ఒకటి. ఇంకొంచెం పైన రెండు. మ్వాంగా గుట్ట తూర్పు వాలులో ఉంది, వాళ్ల కిటికీల్లోకి ఎండ వస్తుంది. మాకు నేల కింద సైరనే పొద్దు. ఆమె ప్రతి అంకె పక్కనా మా గడియారం అంకె వేస్తూ పోయింది. ఒకటి పక్కన ఏడు. రెండు పక్కన ఎనిమిది. మూడు పక్కన తొమ్మిది.

నాలుగు పక్కన పది వేసింది. "సా న్నే," అంది.

నా నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్లూ చెవిపూసలు వాళ్ల గంటల్ని మా గంటలుగా మార్చి వినిపిస్తూ వచ్చాయి. అందుకే ఎవరికీ తెలియలేదు. గోడ గడియారంలో తొమ్మిది దాటింది.

"జవాదీ! న్నే! మామ, ఓదెలన్న..." సొరంగం వైపు చెయ్యి చూపించాను. నాకు ఇంకో మాట దొరకలేదు. ఆమెకు అవసరం కూడా లేకపోయింది. సుద్ద వదిలేసి వైర్‌లెస్ గదికి పరుగెత్తింది. నేను ఫోను ఎత్తాను. సొరంగం చివర మోగుతూనే ఉంది, ఎవరూ తీయలేదు. మిషిను విప్పే చప్పుడులో ఎక్కడ వినబడుతుంది? పిల్లల్ని కదలొద్దని చెప్పి బ్యాటరీ బండి ఎక్కాను.

దారి పొడవునా దీపాలు వెనక్కి పోతూనే ఉన్నాయి. బండి అంతకన్నా వేగం పోదు. దిగి పరుగెత్తితే ఇంకా ఆలస్యమవుతుంది. చేతికి పని లేక హ్యాండిల్ని ముందుకు నెడుతూ కూర్చున్నాను.

ఓదెలన్న, మామ, ఇంకో ముగ్గురు డ్రిల్లు కింద దూరి బోల్టులు తిప్పుతున్నారు.

"బయటికి నడువుండ్రి! మందు పేల్చేది మాపటీలి గాదు, పదింటికి! ఇప్పుడే!"

ఓదెలన్న లేచి వచ్చాడు. "ఎవలు జెప్పిన్రు చెల్లె? సా న్నే అన్నడు. న్నే అంటె నాలుగు. నువ్వే నేర్పితివి."

"నాలుగే అన్నా. కని ఆల్లు మన లెక్క అర్ధరాత్రి కాడ్నించి లెక్కవెట్టరు. పొద్దు పొడిసిన కాడ్నించి లెక్కవెడ్తరు."

"గడియారమంటె గడియారమే గదా! గట్లెట్లుంటది?"

మామ పానా కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "పొద్దు పొడిసినంక నాలుగు గంటలా?"

"ఔ మామా."

"పొద్దెక్కిన కొద్ది లెక్క. మా అవ్వ గట్లనే జెప్పేది," అన్నాడు, అనుమానమన్నది లేకుండా. మిగతావాళ్ల వైపు తిరిగాడు. "ఎక్కుండ్రి బండి."

"మిషిను కాకా! సగం ఇప్పినం. ఉన్నది ఒక్కటే, పోతె మల్ల రాదు."

"నువ్వు పోతె మల్ల వస్తవా?"

ఓదెలన్న ఎక్కాడు. ఆరుగురం ఒకరి మీద ఒకరం వచ్చాం. సొరంగం మొదట్లోని ఇనుప తలుపు దాటి, తలుపు మూసి, గోడకు వీపులానించి చెవులు మూసుకున్నాం.

పది అయింది. పది దాటింది. ఏమీ కాలేదు.

చెవుల మీంచి చేతులు తీశాం. ఓదెలన్న నా వైపు చూశాడు. తప్పు నాదే అయి ఉండాలని నేను దేవుడికి మొక్కుతున్నాను. నేను పొరపాటు పడి ఉంటే అందరూ నవ్వి లోపలికి వెళ్లి మిషిను విప్పుకుంటారు, అంతే కదా. కానీ మామ ఎవర్నీ లేవనివ్వలేదు.

తలుపు పక్కన ఫోను మోగింది. జవాదీ. ఆమె మాట్లాడలేదు. ఫోనును వైర్‌లెస్ స్పీకరుకూ మైకుకూ మధ్య పెట్టింది. అందులోంచి బొంగురు గొంతు, ఒక్కో మాట చూసుకుని అడుగేస్తున్నట్టు, తెలుగులో వచ్చింది.

"సుగుణా. నాలుగు. మీ నాలుగా? మా నాలుగా?"

నేను అది పైకి చెప్పాను. ఓదెలన్న భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. నాకు తెలిసిన స్వాహిలీ అంతా ఎగిరిపోయింది. "అందరు బయటనే ఉన్నరు బరాకా, అందరు మంచిగున్నరు," అని తెలుగులోనే ఏడ్చేశాను. ఆయనకు అర్థమైంది. అటువైపు ఊపిరి వదలడం వినిపించింది.

జరిగిందంతా జవాదీ తర్వాత చెప్పింది. మ్వాంగాలో అందరూ పేలుడు చూడ్డానికి సొరంగం దగ్గరికి పోవడంతో వైర్‌లెస్ దగ్గర ఎవరూ లేరు. ఆమె ఖాళీ గదిలోకి అరుస్తూనే ఉంది. బరాకా మందు పేల్చే తాళం తిప్పబోతూ ఆగాడట. రాత్రి పాఠం ముగిస్తూ నేను ఎనిమిదైంది అన్నప్పుడల్లా ఆయన గడియారంలో రెండు ఉండేదట. పాపం ఈ పిల్లకు అంకెలు సరిగా రావు, చెబితే నొచ్చుకుంటుందని ఇన్నాళ్లూ ఊరుకున్నాడట. ఇవాళ తాళం మీద చెయ్యి పడగానే, అంకెలు రాకపోవడం కాదేమో, వాళ్ల గంటల లెక్కే వేరేమో అనిపించిందట. అందరినీ ఆపి, అడగడానికి వెనక్కి నడిచి వచ్చాడు.

మందు రేపటికి మార్చాం, పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు. దాన్ని మేం పన్నెండంటాం, వాళ్లు ఆరంటారు. రెండూ చెప్పుకున్నాం. ఈసారి మైకు మామ తీసుకున్నాడు. బరాకా మూడుసార్లు అన్నాడు, మామ మూడుసార్లు అన్నాడు.

మధ్యాహ్నం అందరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. అన్నం ఇంత రుచిగా ఉంటుందని నేను మరిచిపోయాను. రాజలింగం నిద్రకళ్లతో వచ్చి ఏమైందని అడిగితే మామ, చందన, నేను ముగ్గురం ఒకేసారి చెప్పడం మొదలుపెట్టాం.

ఇవాళ క్లాసు జరగలేదు

నేల కొంచెం కదిలింది. బల్లల మీది గిన్నెలు గలగలమన్నాయి. అంతే. ఇంత చిన్న చప్పుడేనా అనిపించింది.

దుమ్ము సర్దుకున్నాక ఊరు ఊరంతా సొరంగంలోకి నడిచింది. స్వాగతం చెప్పడానికి పిల్లలతో నాలుగు వాక్యాలు బట్టీ పట్టించాను. ఓదెలన్నవాళ్లు రాళ్లు ఒక్కొక్కటే తీస్తుంటే ముందు పళ్లెమంత కంత పడింది, తర్వాత కిటికీ అంత. అవతలి దీపాల వెలుగు పసుపుపచ్చగా ఇటు పడింది. అందులో మనుషుల నీడలు కదులుతున్నాయి.

తీరా ఆ క్షణానికి ఎవరి నోటా మాట రాలేదు. పిల్లలు నా చీర పట్టుకున్నారు. నాకూ మొదటి వాక్యం గుర్తు రాలేదు. అటూ ఇటూ అంతమంది ఉన్నా చిన్న రాయి జారిపడ్డ చప్పుడు వినబడింది.

అవతల నుంచి బొంగురు గొంతు, "హోడి?" అంది.

ఆ మాట మాకు తెలియదు. ఏ క్లాసులోనూ రాలేదు. నేను జవాదీ కోసం వెనక్కి తిరిగాను. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, భుజాలు అదురుతున్నాయి.

కంత దగ్గర మోకాళ్ల మీద ఉన్న మామ ఎవరినీ అడగలేదు.

"రా బిడ్డా, రా. అడుగుడేంది?" అంటూ చెయ్యి లోపలికి చాపాడు.

గడప బయట నిలబడి లోపలికి రావచ్చా అని అడిగే మాట అది. ఎర్రబాయిలో సొరంగానికి తప్ప ఏ ఇంటికీ తలుపు లేదు కాబట్టి నేర్పాలని తట్టలేదని జవాదీ నా చెవిలో చెప్పింది. సగం ఏడుపు, సగం నవ్వు. నాకు అది అర్థమయ్యేసరికి బరాకా తల, ఒక భుజం ఇవతలికి వచ్చేశాయి. దుమ్ము కొట్టుకుని జుట్టంతా ఎర్రగా ఉంది. మామ ఆయన చంకల కింద చేతులు వేసి లాగుతున్నాడు.

"మెల్లగ, మెల్లగ," అంటున్నాడు. "తలకాయ పైలం. పైన బండున్నది."